కదలికను చూసి దానికి సరైన పేరు రాయడం ఎలా?

ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం విద్యార్థులు, నర్సింగ్ చదువుతున్నవారు, యోగా శిక్షణ పొందుతున్నవారు, జిమ్ ట్రైనర్లు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. ఫ్లెక్షన్ (వంచడం), ఎక్స్‌టెన్షన్ (చాచడం), అబ్డక్షన్ (నడిమి గీతకు దూరంగా జరపడం), అడక్షన్ (దగ్గరకు తేవడం) వంటి మాటల నిర్వచనాలు నోటికి వచ్చినా, ఎదుట మనిషి చెయ్యో కాలో కదిపినప్పుడు ఏ పేరు రాయాలో తేల్చుకోలేకపోతున్నామని వారి బాధ. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి హైదరాబాద్ కాలేజీల్లో చేరినవారు ఇది తమ ఒక్కరి ఇబ్బందే అనుకుంటారు. అది నిజం కాదు. ఇంగ్లిష్ మీడియంలో చదివినవారు కూడా ప్రాక్టికల్ పరీక్షలో ఇక్కడే తడబడతారు, ఎందుకంటే చిక్కు భాషలో లేదు, కదలికను చూసే క్రమంలో ఉంది.

నిర్వచనాలే కొంత దారి తప్పిస్తాయి. "ఎముకల మధ్య కోణం తగ్గితే ఫ్లెక్షన్" అన్నది మోచేతికి, మోకాలికి చక్కగా సరిపోతుంది. భుజం దగ్గరకు వచ్చేసరికి చేతిని ముందు నుండి పైకెత్తుతుంటే మొండేనికీ చేతికీ మధ్య కోణం పెరుగుతుంది, అయినా దాన్ని ఫ్లెక్షన్ అనే అంటాం. "నడిమి గీత నుండి దూరంగా పోతే అబ్డక్షన్" అన్నదీ అంతే. చేతిని పక్క నుండి ఎత్తుతూ భుజం ఎత్తు దాటించాక అరచెయ్యి మళ్లీ నడిమి గీతకు దగ్గరవుతూ వస్తుంది, కానీ పేరు మాత్రం అబ్డక్షన్‌గానే ఉంటుంది. అందుకని ఈ వ్యాసంలో ఒకే నియమం పట్టుకుందాం: ఆ కీలు సున్నా స్థానం (లెక్క మొదలుపెట్టే భంగిమ, మొదటి అంశంలో చెబుతాను) నుండి ఎటు బయలుదేరిందో ఆ దిశ పేరు పెట్టాలి, మార్గమంతా అదే పేరు కొనసాగించాలి, వచ్చిన దారినే వెనక్కి మళ్లితే వ్యతిరేకమైన పేరు రాయాలి.

కావలసినవి

కదలికలు చేసి చూపడానికి ఒక తోడు ఉండాలి. మోకాళ్లు, మోచేతులు, భుజాలు కనిపించే దుస్తులు వేసుకోమనండి. చుడీదార్ మీద, జీన్స్ మీద తుంటి తిరుగుడు కనిపించదు. ఎముకల గుర్తుల మీద అంటించడానికి ఒక అట్ట బొట్టుబిళ్లలు తెచ్చుకోండి. ముదురు రంగువైతే వీడియోలో స్పష్టంగా కనిపిస్తాయి, చర్మం మీద మరక వదలవు. ఫోన్, దాన్ని కదలకుండా నిలబెట్టడానికి స్టాండు లేదా పుస్తకాల దొంతర, ఒక నోటుబుక్కు, ఒక కుర్చీ చాలు.

కోణాలు కూడా రాయాలనుకుంటే, కీలు కోణం కొలిచే ప్లాస్టిక్ గోనియోమీటర్ ఒకటి కొనండి. కోఠిలో సర్జికల్ సామాన్లు అమ్మే షాపుల్లో అడిగితే ఇస్తారు. స్టీలుది అక్కర్లేదు, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్‌దైతే కింద ఉన్న బొట్టుబిళ్ల కనిపిస్తుంది కనుక నేర్చుకునేవారికి అదే మేలు. అనాటమీ పుస్తకం కొత్త ఎడిషనే కావాలని పట్టుబట్టవద్దు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం అమ్మే పాత ఎడిషన్ కూడా ఈ పనికి సరిపోతుంది, ఎందుకంటే కదలికల పేర్లలో పెద్దగా మార్పులు రాలేదు.

ముందుగా జాగ్రత్తలు

తోడు వచ్చిన మనిషి తన శక్తి మేరకు తానే కదపాలి. మీరు పట్టుకుని వంచవద్దు, లాగవద్దు. నొప్పి అన్న చోట ఆపేయండి. ఈ మధ్య ఎముక విరిగినవారిని, ఆపరేషన్ అయినవారిని ఈ అభ్యాసానికి పిలవవద్దు. ముఖ్యంగా తుంటి కీలు మార్పిడి వెనుక వైపు నుండి చేయించుకున్నవారికి 90 డిగ్రీలు దాటిన ఫ్లెక్షన్, నడిమి గీత దాటే అడక్షన్, లోపలికి తిప్పే మీడియల్ రొటేషన్ వద్దని డాక్టర్లు సాధారణంగా చెబుతారు. ఆ మూడు మాటల్లో ఒకటి తారుమారుగా అర్థమైతే కీలు తప్పిపోయే ప్రమాదం ఉంది. పెద్దవారి చేత మెడను గుండ్రంగా తిప్పించవద్దు.

1. సున్నా స్థానంలో నిలబెట్టండి

మనిషి నిటారుగా నిలబడాలి, చూపు ఎదురుగా ఉండాలి, పాదాలు దగ్గరగా ఉండి వేళ్లు ముందుకు చూడాలి, చేతులు పక్కలకు వేలాడాలి, అరచేతులు ముందుకు తిరిగి ఉండాలి. దీనినే అనటామికల్ పొజిషన్ అంటారు. స్కూలు ప్రార్థనలో "సావధాన్" అన్నప్పుడు నిలబడే భంగిమ ఇది కాదు. అందులో అరచేతులు తొడలకు ఆని ఉంటాయి, అంటే ముంజేయి అప్పటికే సగం లోపలికి తిరిగి ఉంటుంది. అక్కడి నుండి లెక్క మొదలుపెడితే ముంజేతి కదలికలూ బొటనవేలి కదలికలూ అన్నీ తప్పుతాయి.

మనిషి నిలబడలేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి అరచేతులు పైకప్పు వైపు తిప్పండి. పేర్లేమీ మారవు. పడుకున్న మనిషి కాలిని పైకప్పు వైపు ఎత్తినా అది తుంటి ఫ్లెక్షనే. పేర్లు శరీరాన్ని బట్టి పెట్టినవి, గదిని బట్టి కాదు.

2. బొట్టుబిళ్లలు అంటించండి

భుజం మీద పక్కకు వేలితో తడిమితే తగిలే ఎముక అంచు, మోచేతి బయటి బొడిపె, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు బొడిపె, తుంటి పక్కన చేతికి తగిలే గట్టి ఉబ్బు, మోకాలి బయటి బొడిపె, చీలమండ బయటి గుబ్బ: ఈ ఆరు చోట్ల ఒక్కొక్క బిళ్ల అంటించండి. మోకాలిచిప్ప నడుమ ఇంకొకటి అంటించండి. తుంటి తిరుగుడును పట్టుకునేటప్పుడు ఈ చివరి బిళ్లే మిమ్మల్ని కాపాడుతుంది.

3. ఏ కీలు కదిలిందో ముందు రాయండి

"చేయి ఫ్లెక్షన్", "కాలు అబ్డక్షన్" అని రాయడం తప్పు. చేతిలో భుజం, మోచేయి, ముంజేయి, మణికట్టు, వేళ్ల కీళ్లు ఉన్నాయి. ఏది కదిలిందో చెప్పకపోతే మిగిలినదంతా ఊహే. నోటుబుక్కులో పక్క, కీలు, కదలిక అనే మూడు గడులు గీసి, మొదటి రెండు నింపాకే మూడవ గడిలో పెన్ను పెట్టండి. పక్క అంటే కదిలిన మనిషి కుడి, ఎడమ. చూస్తున్న మీవి కావు.

కదిలిన అవయవాన్ని కాక కీలును చూడమని ఎందుకు అంటున్నానంటే, చాలాసార్లు అవయవం కదలదు, మొండెం కదులుతుంది. ఆర్టీసీ బస్సు ఎక్కే మనిషిని గమనించండి. కుడి పాదం ఫుట్‌బోర్డు మీద పెట్టడానికి కుడి తుంటి, కుడి మోకాలు ఫ్లెక్షన్ చెందుతాయి. ఆ తర్వాత పాదం అక్కడే ఉంటుంది, మొండెం పైకి లేస్తుంది. ఈ రెండవ దశలో అదే తుంటి, అదే మోకాలు ఎక్స్‌టెన్షన్ చెందుతున్నాయి. వీడియోను మధ్యలో ఆపి చూసినవారు కాలు వంగి కనిపించింది కనుక "ఫ్లెక్షన్" అని రాసేస్తారు. వంగి ఉండటం భంగిమ. ఆ క్షణంలో కోణం ఎటు మారుతోందన్నది కదలిక. అందువల్ల ఫొటో చూసి కదలిక పేరు రాయవద్దు, కనీసం రెండు ఫ్రేములు పోల్చండి.

4. ఏ వైపు నుండి బాగా కనిపిస్తోందో చూడండి

తలాల (శరీరాన్ని కోసినట్టు ఊహించుకునే ప్లేన్ల) సిద్ధాంతం పుస్తకంలో చదవండి, ఇక్కడ పనికి వచ్చేంత చెబుతాను. కదలిక పక్క నుండి చూసినప్పుడు పూర్తిగా కనిపిస్తే అది సాజిటల్ తలంలోది, పేరు ఫ్లెక్షన్ లేదా ఎక్స్‌టెన్షన్ అవుతుంది. ఎదురుగా నిలబడి చూస్తే పూర్తిగా కనిపించేది కరోనల్ తలంలోది. చేతులకు, కాళ్లకు అబ్డక్షన్ లేదా అడక్షన్ అనీ, మెడకు, నడుముకు లేటరల్ ఫ్లెక్షన్ (పక్కకు వంగడం) అనీ రాస్తాం. తల మీది నుండి చూస్తేనే తెలిసేది ట్రాన్స్‌వర్స్ తలంలోది, అది రొటేషన్. ఈ మాట ఎప్పుడూ సున్నా స్థానం నుండి మొదలైన కదలికకే వర్తిస్తుంది.

వీడియో తీసేటప్పుడు ఫోన్ ఆ తలానికి ఎదురుగా, కీలు ఎత్తులో ఉండాలి. ఏటవాలుగా తీస్తే ఫ్లెక్షన్ సగం అబ్డక్షన్‌లా కనిపిస్తుంది. సెల్ఫీ కెమెరా వాడవద్దు. తెర మీద కుడి ఎడమలు తారుమారవుతాయి.

5. దిశ పేరు పెట్టండి

మెడ, నడుము, భుజం, మోచేయి, మణికట్టు, చేతివేళ్లు, తుంటి: వీటన్నిటికీ ముందుకు వంగడం ఫ్లెక్షన్, వెనక్కి పోవడం ఎక్స్‌టెన్షన్. మోకాలి నుండి కిందికి దిశ మారుతుంది. మోకాలి ఫ్లెక్షన్ వెనక్కి జరుగుతుంది, కాలివేళ్ల ఫ్లెక్షన్ అరికాలి వైపు జరుగుతుంది. పిండదశలో చేతులు బయటికీ కాళ్లు లోపలికీ తిరగడం దీనికి కారణం. మోచేయి వెనక్కి, మోకాలు ముందుకు చూడటం కూడా అందుకే.

చీలమండ దగ్గర ఫ్లెక్షన్, ఎక్స్‌టెన్షన్ అని రాస్తే చదివేవారు తికమకపడతారు. పాదాన్ని పైకి, పిక్క ముందు భాగం వైపు లాగితే డార్సిఫ్లెక్షన్, కిందికి నొక్కితే ప్లాంటార్‌ఫ్లెక్షన్ అనే రాయండి. కారు యాక్సిలరేటర్ నొక్కడం ప్లాంటార్‌ఫ్లెక్షన్. అరికాలు లోపలికి చూసేలా తిప్పడం ఇన్వర్షన్, బయటికి చూసేలా తిప్పడం ఎవర్షన్. ఈ రెండూ చీలమండ కీలులో కాక ప్రధానంగా దాని కింద ఉన్న సబ్‌టేలార్ కీలులో జరుగుతాయి. గుంతల రోడ్డు మీద కాలు మెలిక పడినప్పుడు ఎక్కువగా జరిగేది ఇన్వర్షన్, దానితో పాటు కొంత ప్లాంటార్‌ఫ్లెక్షన్. వాపు చీలమండ బయటి వైపు రావడానికి కారణం అదే. దీన్ని మాత్రం చేసి చూపించమని ఎవరినీ అడగవద్దు.

ముంజేతికి వేరే జంట ఉంది. అరచెయ్యి ముందుకు లేదా పైకి చూసేలా తిప్పడం సుపినేషన్, వెనక్కి లేదా కిందికి చూసేలా తిప్పడం ప్రొనేషన్. ఇరానీ హోటల్లో కుడిచేత్తో కప్పు పట్టుకుని ఎడమవైపున్న సాసర్‌లోకి చాయ్ వంపుతున్న మనిషిని చూస్తే బొటనవేలు పైకి ఉన్న స్థితి నుండి లోపలికి వాలుతూ పోతుంది, అది ప్రొనేషన్. కప్పును మళ్లీ నిలబెట్టడం సుపినేషన్. ఇక్కడ ఒక మోసం ఉంది. మోచేయి చాచి ఉన్నప్పుడు భుజాన్ని తిప్పినా అరచెయ్యి తిరుగుతుంది, చూసేవారికి రెండూ ఒకటే అనిపిస్తాయి. ముంజేతిని ఒక్కదాన్నే చూడాలంటే మోచేతిని 90 డిగ్రీలు వంచి నడుముకు ఆనించి ఉంచమనండి. అప్పుడు భుజం తిరిగితే ముంజేయి మొత్తం పొట్ట వైపుకో బయటికో ఊగుతుంది, ముంజేయి తిరిగితే అరచెయ్యి మాత్రమే బోర్లా పడుతుంది.

బొటనవేలి విషయంలో నిదానంగా వెళ్లండి; పరీక్షల్లో అత్యధికంగా మార్కులు పోయేది ఇక్కడే. బొటనవేలు మిగిలిన వేళ్లతో పోలిస్తే దాదాపు లంబకోణంలో తిరిగి అమరి ఉంటుంది కనుక దాని తలాలూ తిరుగుతాయి. చేతిని టేబుల్ మీద వెల్లకిలా పెట్టండి. బొటనవేలు పైకప్పు వైపు లేస్తే అబ్డక్షన్, తిరిగి అరచేతి పక్కకు దిగితే అడక్షన్. టేబుల్‌కు సమాంతరంగా చూపుడువేలి నుండి ఎడంగా చాపితే ఎక్స్‌టెన్షన్, అరచేతికి అడ్డంగా చిటికెనవేలి వైపు ఈడ్చితే ఫ్లెక్షన్. ఎడంగా చాపడాన్ని చాలామంది అబ్డక్షన్ అని రాస్తారు. కొన్ని హ్యాండ్ సర్జరీ రిపోర్టుల్లో ఆ కదలికను రేడియల్ అబ్డక్షన్ అని, పైకి లేపడాన్ని పామార్ అబ్డక్షన్ అని రాయడం కూడా ఉంది కాబట్టి, మీ కాలేజీలో ఏ పద్ధతి నడుస్తోందో ముందే అడిగి తెలుసుకోండి.

బొటనవేలి మెత్తని భాగం చిటికెనవేలి మెత్తని భాగాన్ని తాకడం అపోజిషన్. ఇందులో అబ్డక్షన్, ఫ్లెక్షన్, కొంత లోపలి తిరుగుడు కలిసి ఉంటాయి. దీన్ని దగ్గర నుండి చూడాలంటే లాడ్‌బజార్‌లో గాజులు తొడిగించుకునే చేతిని చూడండి. అమ్మే ఆయన ముందు నాలుగు వేళ్లను దగ్గరకు నొక్కుతాడు, అది వేళ్ల అడక్షన్. తర్వాత బొటనవేలి మూలం దగ్గర పట్టుకుని దాన్ని అరచేతిలోకి మడుస్తాడు. అదే సమయంలో చిటికెనవేలి వైపు అంచును లోపలికి నొక్కుతాడు, అప్పుడు అరచెయ్యి దోసిలిలా గుంటపడి వెడల్పు తగ్గుతుంది. గాజు దాటాల్సిన అసలు ఇరుకు వేళ్ల మొదళ్ల దగ్గర ఉంది. మణికట్టు వంగిందా లేదా అన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు. ఈ కదలికలన్నీ ఆయన చేయిస్తున్నవి, ఆమె కండరాలు చేసినవి కావు కనుక నోటుబుక్కులో పాసివ్ అని రాయాలి.

వేళ్లను ఎడం చేయడానికి, దగ్గర చేయడానికి కొలమానం శరీరపు నడిమి గీత కాదు. చేతిలో మధ్యవేలు, పాదంలో రెండవ వేలు గీతలుగా తీసుకుంటాం. మధ్యవేలు స్వయంగా ఏ పక్కకు జరిగినా అది అబ్డక్షనే. మణికట్టు బొటనవేలి వైపు వంగితే అబ్డక్షన్, చిటికెనవేలి వైపు వంగితే అడక్షన్. ఆసుపత్రి రిపోర్టుల్లో రేడియల్ డీవియేషన్, అల్నార్ డీవియేషన్ అనే పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి, అవే వాడండి.

భుజం వెనుక ఉండే రెక్క ఎముకకు పైకి ఎగరేయడం ఎలివేషన్, దించడం డిప్రెషన్, ముందుకు జరపడం ప్రొట్రాక్షన్, వెనక్కి లాగడం రిట్రాక్షన్. దవడకు కూడా దాదాపు ఇవే మాటలు వర్తిస్తాయి, నోరు తెరవడం డిప్రెషన్.

6. కలగలిసిన కదలికను దశలుగా విడగొట్టండి

నిజ జీవితంలో ఒంటరి కదలిక అరుదు. వీడియోను నెమ్మదిగా నడిపి, దిశ మారిన ప్రతి చోటా ఆపి, ఒక్కొక్క దశకు ఒక్కొక్క వరుస రాయండి. బాసింపట్టు వేసుకుని కూర్చున్న మనిషి తుంటి ఫ్లెక్షన్, అబ్డక్షన్, లేటరల్ రొటేషన్ (బయటికి తిరగడం) మూడింటిలోనూ ఉంటుంది, మోకాలు ఫ్లెక్షన్‌లో ఉంటుంది. గొంతుకూర్చునేటప్పుడు తుంటి, మోకాలు ఫ్లెక్షన్ చెందుతాయని అందరూ రాస్తారు, చీలమండను మరిచిపోతారు. మడమ నేల మీదే ఉండి పిక్క ముందుకు వాలుతుంది కనుక అది డార్సిఫ్లెక్షన్. ఇది తక్కువగా ఉన్నవారి మడమలు లేచిపోతాయి లేదా వారు వెనక్కి పడబోతారు.

చేతిని గుండ్రంగా తిప్పడాన్ని రొటేషన్ అనకండి. ఫ్లెక్షన్, అబ్డక్షన్, ఎక్స్‌టెన్షన్, అడక్షన్ వరుసగా కలిసి చెయ్యి శంకువులా తిరిగితే దాని పేరు సర్కమ్‌డక్షన్. రొటేషన్ అంటే ఎముక తన పొడవు అక్షం మీద తాను తిరగడం.

7. కోణం కొలిచి రాయండి

గోనియోమీటర్ మధ్య బిందువును కీలు మీద, దాని కదలని పుల్లను కదలని ఎముక వెంట, కదిలే పుల్లను కదిలే ఎముక వెంట పెట్టాలి. మోకాలికైతే మధ్య బిందువు మోకాలి బయటి బిళ్ల మీద, ఒక పుల్ల తుంటి బిళ్ల వైపు, రెండవది చీలమండ బిళ్ల వైపు ఉండాలి. చాచిన కాలును 180 అని కాక 0 అని రాస్తాం. మీ పరికరం 180 చూపిస్తే, ఆ అంకెను 180 నుండి తీసివేసి రాయండి.

ఆరోగ్యవంతులైన పెద్దవారిలో సుమారుగా ఎంత ఉండాలో తెలిస్తే ఘోరమైన పొరపాటు వెంటనే బయటపడుతుంది. భుజం ఫ్లెక్షన్, అబ్డక్షన్ 180 దాకా, మోచేతి ఫ్లెక్షన్ 150, ముంజేయి రెండు వైపులా 80 చొప్పున, తుంటి ఫ్లెక్షన్ 120, మోకాలి ఫ్లెక్షన్ 135, డార్సిఫ్లెక్షన్ 20, ప్లాంటార్‌ఫ్లెక్షన్ 50 ప్రాంతంలో ఉంటాయి. పుస్తకానికీ పుస్తకానికీ అయిదు పది డిగ్రీలు తేడా రావడం మామూలే. డార్సిఫ్లెక్షన్ 60 వచ్చిందంటే మీరు కొలిచింది వేరే ఏదో అన్నమాట.

భుజానికి వచ్చే 180 ఒక్క భుజం కీలుదే కాదు. దాదాపు 120 డిగ్రీలు భుజం కీలు, 60 డిగ్రీలు రెక్క ఎముక తిరుగుడు ఇస్తాయి. ఈ రెండింటికి ఒకటి నిష్పత్తిని 1944లో ఎముకల వైద్యుడు ఇన్‌మన్ బృందం ప్రచురించింది. రెక్క ఎముకను వదిలేసి "భుజం కీలు 180" అని రాయడం పాఠంలో చెల్లుతుందేమో గానీ రోగి కాగితంలో చెల్లదు.

8. తిరగేసి చూసి సరిచూసుకోండి

ఇది అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష, దీన్ని ఎప్పుడూ దాటవేయకండి. మీరు రాసిన వరుసలను, వీడియో చూడని మూడవ మనిషికి చదివి వినిపించండి. ఆ మనిషి సున్నా స్థానంలో నిలబడి, మీరు చదివినది చదివినట్టే చేయాలి. మీరు చేత్తో చూపించకూడదు, "అట్లా కాదు" అనకూడదు. చివరికి వచ్చిన భంగిమ వీడియోలోని దానితో సరిపోతే మీ పేర్లు సరైనవే. సరిపోకపోతే తేడా ఏ కీలు దగ్గర మొదలైందో చూసి ఆ వరుస మాత్రమే దిద్దుకోండి.

నమస్కారంతో మొదలుపెట్టండి. "మోచేతుల ఫ్లెక్షన్, అరచేతులు కలపడం" అని మాత్రమే రాసినవారి మిత్రుడు వేళ్లు ముందుకు చాపి నిలబడతాడు. వేళ్లు పైకి రావాలంటే ముంజేతుల ప్రొనేషన్, మణికట్ల ఎక్స్‌టెన్షన్, భుజాల మీడియల్ రొటేషన్ కూడా కాగితంలో ఉండాలి. మూడవ మనిషి దొరకకపోతే ఒక రోజు ఆగి, వీడియో చూడకుండా మీరే మీ రాతను పాటించి చూడండి.

తరచుగా జరిగే పొరపాట్లు

కుర్చీలో కూర్చున్నప్పుడు తుంటి రొటేషన్ తప్పు రాయని విద్యార్థి అరుదు. కూర్చుని తొడను లోపలికి తిప్పితే పాదం బయటికి పోతుంది. పాదాన్ని చూసినవారు లేటరల్ రొటేషన్ అని రాస్తారు, మోకాలిచిప్ప మీది బిళ్ల ఎటు తిరిగిందో చూసినవారు మీడియల్ రొటేషన్ అని సరిగ్గా రాస్తారు. కాలు చాచి పడుకున్నప్పుడు ఈ చిక్కు లేదు, కాలివేళ్లు లోపలికి తిరిగితే అది మీడియల్ రొటేషనే.

రెండవది, కండరం పేరును బట్టి కదలిక పేరు రాయడం. నీళ్ల బిందెను నెమ్మదిగా కిందికి దించుతున్నప్పుడు మోచేతిలో జరిగేది ఎక్స్‌టెన్షన్, కానీ పనిచేస్తున్నది బైసెప్స్. అది సాగుతూ బరువును ఆపుతుంది. బైసెప్స్ గట్టిగా తగిలింది కనుక ఫ్లెక్షన్ అని రాయకూడదు. తలను కుడికి తిప్పినప్పుడు మెడలో ఎడమ వైపు స్టెర్నోక్లీడోమాస్టాయిడ్ కండరం ఉబ్బి కనిపిస్తుంది, అయినా కదలిక కుడి రొటేషన్. మెడకు, నడుముకు శరీరం ముందు భాగం ఏ వైపు తిరిగితే ఆ వైపు పేరే రాస్తాం.

మూడవది బైక్ యాక్సిలరేటర్. దాన్ని ప్రొనేషన్ అనో సుపినేషన్ అనో రాసేవారు చాలామంది. పిడి పట్టుకున్న ముంజేయి అప్పటికే ప్రొనేషన్‌లో ఉంటుంది. పిడిని తన వైపు తిప్పినప్పుడు మణికట్టు కిందికి జారి, చెయ్యి వెనుక భాగం ముంజేతికి దగ్గరవుతుంది, అంటే మణికట్టు ఎక్స్‌టెన్షన్. కుడిచేత్తో తాళంచెవిని గడియారం దిశలో తిప్పడం మాత్రం నిజంగా సుపినేషనే.

ఎక్స్‌టెన్షన్, హైపర్ఎక్స్‌టెన్షన్ మధ్య గొడవ కూడా వస్తుంటుంది. వంగినదాన్ని సున్నాకు తేవడమూ ఎక్స్‌టెన్షనే, భుజం, తుంటి వంటి కీళ్లలో సున్నా దాటి వెనక్కి పోవడమూ ఎక్స్‌టెన్షనే. కొందరు రెండవదాన్ని హైపర్ఎక్స్‌టెన్షన్ అంటారు. నా అభిప్రాయంలో ఆ మాటను మోకాలు, మోచేయి వంటి కీళ్లు మామూలు హద్దు దాటి వెనక్కి వంగినప్పటికే ఉంచుకోవడం మంచిది. మిగిలిన చోట్ల డిగ్రీలు రాస్తే వాదనే ఉండదు.

అభ్యాసానికి

రంజాన్ నెలలో హలీం భట్టీ దగ్గర కర్రతో మెదిపే మనిషి భుజాలను రాయండి: కర్ర పైకి లేచేటప్పుడు ఫ్లెక్షన్, కిందికి పోటు వేసేటప్పుడు ఎక్స్‌టెన్షన్. మోచేతులూ అదే వరుసలో నడుస్తాయి. పోటుతో పాటు మొండెం ముందుకు వంగితే తుంటి ఫ్లెక్షన్‌కు విడిగా ఇంకో వరుస ఇవ్వండి, దాన్ని నడుము ఖాతాలో వేయకండి. నడుము వంగిందా, తుంటి దగ్గరే వంగిందా అన్నది తేల్చుకోవడానికి వీపు గుండ్రంగా అయిందో తిన్నగా ఉందో చూడండి.

తర్వాత తల ఊపడం రాయండి. అవునన్నట్టు పైకీ కిందికీ ఊపితే ఫ్లెక్షన్, ఎక్స్‌టెన్షన్, ప్రధానంగా పుర్రెకూ మొదటి మెడ ఎముకకూ మధ్య. కాదన్నట్టు అటూ ఇటూ తిప్పితే రొటేషన్, ప్రధానంగా మొదటి, రెండవ మెడ ఎముకల మధ్య. "సరే లెండి" అన్నట్టు మనవాళ్లు చెవిని భుజం వైపు వాల్చి ఊపేది లేటరల్ ఫ్లెక్షన్, కుడి ఎడమలు రెండింటినీ చెరో వరుసలో రాయాలి.